ఆ ఇంట్లో అనకూడని మాట

పోయినవారం మనం థాలూసాని గ్రానియస్ గారి భోజనశాలలో, ఆయన ఎదురుగా, నోట మాట రాకుండా నిలబెట్టి వచ్చేశాం. పాపం, ఆమె ఇంకా అక్కడే ఉంది. రంగు తొట్టెల్లో ఇరవై ఏళ్ళు నాని మోచేతుల దాకా ఊదారంగు ఎక్కిన చేతుల్ని పైబట్టలో దాచుకుని నిలబడి ఉంది.

ఆయన అడిగింది గుర్తుంది కదా? పొతియొలి రేవులో విశ్వాసులందరికీ రెండేళ్ళుగా ఈ భోజనశాలే దిక్కు. మూటలు మోసేవాళ్ళు, వలలు అల్లేవాళ్ళు, నాలుగిళ్ళ బానిసలు, వారం మొదటి రోజున అందరూ ఇక్కడే చేరి రొట్టె విరుస్తారు, థాలూసా ప్రభువు కథ చెబుతుంది. ఇవాళ మామూలు రోజు కాదు. ఇవాళ గ్రానియస్ తన ఇంట్లో ఉన్న ముప్పైమందితో కలిసి బాప్తిస్మం తీసుకోబోతున్నాడు. అందుకోసం తోటలో కొలనులోంచి చేపల్ని తీయించేశాడు, అవన్నీ నీళ్ళు పోసిన నూనె జాడీల్లో ఇరుక్కుని తోకలు కొట్టుకుంటున్నాయి! ఆ నీళ్ళలోంచి లేచిన వెంటనే, సాక్షుల ముందు, తన భోజనశాల పెద్ద హిలారస్‌కి విడుదల ఇస్తానని మాటిచ్చాడు. హిలారస్ థాలూసా భర్త. ఆమె స్వతంత్రురాలై ఆరేళ్ళయింది. అతను ఇంకా బానిసే. ఆరేళ్ళుగా ఆమె ఒక వీధిలో, అతను ఇంకో వీధిలో.

సాక్షిగా వస్తున్నది ఊరి సభ పెద్ద కోసినియస్. ఆయన కోసమే గ్రానియస్ ఆ కోరిక కోరాడు. కథ చెప్పు, కానీ సిలువ అనే మాట మాత్రం అనకు.

"చచ్చిపోయాడని చెప్పు, నేనొద్దనట్లేదు," అన్నాడు గ్రానియస్, వాలు మంచం మీద దిండు సర్దుతూ. ఇంటినిండా బానిసలున్నా దిండ్లు ఆయనే సర్దుకుంటాడు, పాత అలవాటు. "అందరం చచ్చేవాళ్ళమే. శత్రువులు చంపారని చెప్పు, ఇంకా బావుంటుంది. కత్తి అంటే మావాళ్ళు చెవులు రిక్కించి వింటారు. విషం ఇచ్చారన్నా పర్లేదు, ఎంతెంత చదువుకున్నవాళ్ళో తాగి పోయారు."

"కత్తి కాదు కదండీ."

"అబద్ధం చెప్పమన్నానా అమ్మాయ్? దాటెయ్యమన్నాను. గతుకు వస్తే బండి తొందరగా దాటించేస్తామే, అలాగ."

సరిగ్గా అప్పుడే వంటింట్లోంచి వంటవాడు పాంఫిలస్ గొంతు గోడలు అదిరేట్టు లేచింది. "నిన్ను సిలువెక్కించ! ఆ సముద్రపు గుల్లల బుట్ట ఎండలో పెడతావుట్రా? కుళ్ళి కంపు కొడితే అయ్యగారు నా నెత్తిన కొడతారా, నీ నెత్తిన కొడతారా?"

థాలూసా ఆపుకోలేక నవ్వేసింది.

"మీ ఇంట్లో ఆ మాట రోజుకి ముప్పైసార్లు వినబడుతుందండీ."

"అది తిట్టు. తిట్టుగా అది బాగానే ఉంటుంది," అన్నాడు గ్రానియస్. ఆయన నవ్వలేదు. "కోసినియస్ నా పక్కన ఈ వాలు మంచం మీద ఒరిగి, నా వైన్ తాగుతూ, నా ఇంట్లో దేవుడెవరంటే సిలువ మీద వేలాడినవాడు అని వింటే ఏమంటాడో తెలుసా? మొదటి మాట ఏమడుగుతాడో తెలుసా? 'ఏం దొంగిలించాడు?' అంటాడు."

"ఏమీ దొంగిలించలేదని చెబుతాను."

"నమ్మడు. ఎవడూ నమ్మడు."

థాలూసాకి కోపం వచ్చింది. డబ్బున్నవాళ్ళ సిగ్గు ఇది అనుకుంది, మర్యాద పోతుందని భయం, అంతేగా! అందుకే కాస్త పుల్లగానే అడిగేసింది.

"ఆయనకి బాధేస్తుందని చెబుతున్నారా, మీకా?"

గ్రానియస్ దిండు కింద పెట్టాడు. గుమ్మం వైపు చూశాడు, ఎవరూ లేరు. మంచం అంచున కూర్చున్నాడు. ఆయన అలా కూర్చుంటే పెద్ద ఓడల యజమానిలా లేడు, పని మధ్యలో కాళ్ళు నొప్పెట్టి చతికిలబడ్డ కూలీలా ఉన్నాడు.

"ముప్పయ్యొక్క ఏళ్ళు బానిసగా ఉన్నానే నేను," అన్నాడు. "నీకంటే ఎక్కువ. మా పాత దొర సరుకుల కోసం నన్ను బండి మీద పంపేవాడు. ఊరవతల బురుజు దాటాక ఎడం పక్కన ఆ గుంజలుంటాయి కదా. ఒక్కోసారి ఖాళీగా, ఒక్కోసారి... నేను ఎడం పక్కకి చూసేవాణ్ణి కాదు. మెడ కుడికి తిప్పేసి ఎద్దులతో మాట్లాడుతూ పోయేవాణ్ణి. ఎన్నేళ్ళు తిప్పానో ఏమో, ఇప్పటికీ చలికాలం మెడ ఎడం పక్కకి తిరగదు." నిజంగానే తిప్పి చూపించాడు, సగం దాకానే తిరిగింది. "ఈ ఇల్లు ఎందుకు కొన్నాననుకున్నావ్? ఓడలు? ఈ ఉంగరం? అన్నీ కలిపి నేను కొన్నది ఒక్కటే. ఆ కొయ్య నన్ను అందుకోలేనంత ఎత్తు కొనుక్కున్నాను. యాభై ఆరేళ్ళొచ్చాయి. ఇప్పుడు నువ్వొచ్చి, దేవుడెక్కడున్నాడమ్మా అంటే, ఆ ఎడం పక్కనే ఉన్నాడండీ, అటే తిరిగి చూడండీ అంటావు. మరి నేనింత ఎత్తు ఎందుకు ఎక్కినట్టు?"

థాలూసాకి ఈ మనిషి మీద ఒక్క క్షణం క్రితం ఎంత కోపం వచ్చిందో అంతకంత జాలి వచ్చింది, ఆ జాలి వెనకాలే ఇంకోటి వచ్చింది. హిలారస్. పొద్దున్నే కొత్త చెప్పులు తొడుక్కుని చూసుకుని, మళ్ళీ విప్పి, స్వతంత్రుడినయ్యాకే వేసుకుంటానని గూట్లో పెట్టేశాడట. ఒక్క మాటే కదా! మిగతా కథంతా ఉంది. గుడ్డివాళ్ళు చూశారు, ఆకలిగొన్నవాళ్ళు తిన్నారు, మూడో రోజు లేచాడు. ఆ మొదటి రోజున ఏం జరిగిందో ఎవరడుగుతారు?

"దాటేస్తానండి," అంది.

అనేసింది! గ్రానియస్ మొహం వెలిగిపోయింది, లేచి ఆమె ఊదారంగు చేతులు రెండూ పట్టుకున్నాడు. "మంచిదానివమ్మా. నీ మొగుడు అదృష్టవంతుడు," అన్నాడు. ఆమెకి మాత్రం ఏదో చేదు ఆకు నమిలినట్టుంది.

వంటింట్లో తిట్లు ఆగిపోయాయి.

ముందు ఇద్దరూ గమనించలేదు. తర్వాత గమనించారు. గిన్నెల చప్పుడు లేదు, రోలు చప్పుడు లేదు, పాంఫిలస్ నోరు మూసుకోవడం అనేది ఈ ఇంట్లో ఎవరూ ఎరగరు. హిలారస్ గుమ్మంలోకి వచ్చాడు. ఎప్పుడూ తలుపు దగ్గర ఆగి, గొంతు సవరించుకుని, చేప వచ్చిందో అతిథి వచ్చాడో చెప్పే మనిషి. ఇప్పుడు గొంతు సవరించుకోలేదు.

"అయ్యగారూ," అన్నాడు. "వీధి గుమ్మంలో టోపీ ఉందండి."

గ్రానియస్ రంగు మారిపోయింది.

టోపీ అంటే పొతియొలిలో అందరికీ తెలుసు. ఊళ్ళో శవాల గుత్తేదారు ఒకడుంటాడు. చచ్చినవాళ్ళని మోసేదీ వాడి మనుషులే, ఏ యజమాని అయినా తన బానిసని సిలువ వేయించాలంటే గుంజలూ తాళ్ళూ మేకులూ మనుషులూ పంపేదీ వాడే, రెండూ ఒకే గుత్త. వాడి మనుషులు ఊరి బయటే ఉండాలి. పని మీద తప్ప లోపలికి రాకూడదు, వస్తే రంగు టోపీ పెట్టుకునే రావాలి, దూరం నుంచే చూసి జనం తప్పుకోవాలి కదా! ఆ టోపీ ఒక ఇంటి ముందు ఆగిందంటే, ఆ ఇంట్లో ఎవరైనా పోయి ఉండాలి. గ్రానియస్ ఇంట్లో ఎవరూ పోలేదు.

అంటే ఇంకా పోలేదన్నమాట.

థాలూసా నడవలోకి వచ్చి చూసింది. ముప్పైమంది గోడకి అతుక్కుని నిలబడ్డారు. ఒక్కొక్కరూ తమ తమ నేరాలు తవ్వుకుంటున్నారని ఆ మొహాలు చూస్తే తెలిసిపోతోంది. పోయిన నెల ఒలికిన నూనె, పగిలిన కూజా, అయ్యగారి గురించి బావి దగ్గర ఆడిన పరాచికం. రోజుకి ముప్పైసార్లు అందర్నీ సిలువెక్కించే పాంఫిలస్ నేల మీద కూలబడి ఉన్నాడు, ముసలి గడ్డం వణుకుతోంది. ఎందుకంటే మొన్న అయ్యగారి వైన్‌లో రెండు గరిటెలు నీళ్ళు కలిపాడు.

"నేను పిలవలేదు!" అని అరిచాడు గ్రానియస్. "ఒట్టు! ఎవర్నీ పిలవలేదు నేను! ఏంటలా చూస్తారు? ఇవాళ మీతో కలిసి ఒకే నీళ్ళలోకి దిగేవాణ్ణి, మీ మీదికి టోపీ పిలుస్తానా?"

ఒక్కరు కూడా తలెత్తలేదు. రెండేళ్ళ నుంచీ ఈ ఇంట్లో అందరూ ఒకరినొకరు అన్నా, అక్కా అని పిలుచుకుంటున్నారు. గ్రానియస్‌ని కూడా, ఆయన అడిగితేనే లెండి, ప్రార్థన జరిగినంతసేపూ అన్నా అనేవాళ్ళు. ఇప్పుడు చూస్తే ఆయనకి తెలిసింది, వాళ్ళు ఒక్క రోజు కూడా భయపడటం మానలేదని. ఆయన ఆ మెడ పట్టేసిన వైపే తలతిప్పబోయి తిప్పలేకపోయాడు.

"నేను చూస్తాను," అంది థాలూసా.

గుమ్మం బయట ఉన్నవాడికి నలభై ఏళ్ళుంటాయి, బక్కగా, జలుబు చేసి ముక్కు ఎర్రగా. ఆకుపచ్చ, పసుపు చారల టోపీ చెవుల దాకా దిగి ఉంది. గోళ్ళ కింద నల్లగా తారు. చూడగానే నవ్వొచ్చే మనిషి, ఆ టోపీ లేకపోతే!

"ఊదా చేతులావిడ మీరేనాండీ?" అన్నాడు, ఆమె చేతుల వైపే చూస్తూ. "నా పేరు డామా. ఇవాళ చేపల బజారు పక్కన ఒక ముసలాయన పోయాడు, ఆ పని అయ్యింది, వెళ్ళే దారిలో వచ్చాను. పని లేకుండా నిలబడితే మాకు దెబ్బలండీ, తొందరగా అడిగేసి పోతాను."

"ఆ టోపీ తీసెయ్యి ముందు! లోపల జనం చచ్చిపోతున్నారు."

"తీస్తే ఇంకో ఇరవై దెబ్బలు."

అతను నవ్వలేదు. చేతి వెనకవైపుతో ముక్కు తుడుచుకున్నాడు.

"ఆంథస్ అని పక్కింటి పల్లకీ మోసేవాడు. తెలుసు కదా మీకు."

థాలూసా గుమ్మం పట్టుకుంది. ఎందుకు తెలియదు! ఎనిమిది నెలల క్రితం దాకా ఆంథస్ ఈ భోజనశాలలోనే కిటికీ పక్కన కూర్చుని అందరికంటే గట్టిగా పాడేవాడు, శ్రుతి ఎప్పుడూ కుదిరేది కాదు. వాళ్ళింట్లో వెండి గిన్నె పోయింది. అతనే తీశాడన్నారు. అతన్ని బురుజు దాటించిన ఐదో రోజు గిన్నె మంచం కింద దొరికింది.

"నువ్వు..." అంది.

"తాళ్ళు నేనండీ. మేకులు ఇంకొకడు. నలుగురం పోతాం, ఒక్కొక్కడికీ ఒక్కో పని." పల్లకీ మోసేవాడెవడైనా తను ఏ పక్క భుజం పడతాడో చెప్పినట్టు, మామూలుగా చెప్పాడు. "ముందు నన్ను బండబూతులు తిట్టాడు. అందరూ తిడతారు లెండి, మా అమ్మనీ అమ్మమ్మనీ. తర్వాత ఏడ్చాడు. రెండో రోజు పొద్దున నీళ్ళడిగాడు. ఇవ్వకూడదు, ఇచ్చాను. అప్పుడన్నాడు, నాకంటే ముందు ఒకాయన ఇలాగే పోయాడు, ఆయన దేవుడు, అని. ఎండ తలకెక్కిందనుకున్నా. 'గ్రానియస్ ఇంట్లో ఊదా చేతులావిడ ఉంది, నమ్మకపోతే అడుగు' అన్నాడు. అడుగుదామనే ఇన్నాళ్ళూ. ధైర్యం చాల్లేదు. నిజమేనాండీ?"

థాలూసాకి కలిగింది భయం కాదు, అసహ్యం. అవును, అసహ్యమే! ఈ కథ ఎన్ని వందల సార్లు చెప్పింది! ప్రభువుని కొట్టినవాళ్ళు, మేకులు దిగ్గొట్టినవాళ్ళు, వాళ్ళ కోసమే ఆయన అక్కడి నుంచి తండ్రిని వేడుకున్నాడని చెప్పేటప్పుడు ఆమె గొంతు వణికేది, వినేవాళ్ళు ఏడ్చేవాళ్ళు. ఎంత హాయిగా ఏడ్చేవాళ్ళు! ఆ కొట్టినవాళ్ళు ఎక్కడో సముద్రం అవతల, ముఖం లేని సైనికులు. వాళ్ళని క్షమించేయడానికి ఏం పోయింది? ఇక్కడ ముఖం ఉంది. దానికి జలుబు చేసింది. దాని గోళ్ళ కింద తారు ఆంథస్‌ని కట్టిన తాళ్ళది.

ఇంకో సంగతి కూడా ఉంది, అది తల్చుకోవడం ఆమెకి ఇష్టం లేదు. ఆంథస్ ఆ కొయ్య మీద ఉన్న మూడు రోజులూ ఈ ఇంటి విశ్వాసుల్లో ఒక్కరు కూడా బురుజు దాటి పోలేదు. తలుపులు వేసుకుని ప్రార్థన చేశారు. థాలూసా కూడా పోలేదు. ఆంథస్‌కి నీళ్ళిచ్చింది ఈ టోపీవాడు.

"నిజమే," అంది చివరికి.

"సిలువ మీదేనా? వేరే రకం కాదు కదా? ఒక్కో ఊళ్ళో ఒక్కో రకం ఉంటుందండీ."

"సిలువ మీదే."

అనేసిన తర్వాతే గుర్తొచ్చింది, ఇందాక ఏమని మాటిచ్చిందో.

"ఎంతసేపు?"

"పొద్దున నుంచి మధ్యాహ్నం మూడింటి దాకా."

"అంతేనా?" డామా కనుబొమలు ముడిచాడు. "తొందరగా పోయాడు. ముందే బాగా కొట్టి ఉంటారు." తలాడించాడు, పని తెలిసినవాడు ఇంకొకడి పని గురించి ఆలోచిస్తున్నట్టు. తర్వాత గొంతు తగ్గించాడు. "కొట్టినవాళ్ళని ఏమన్నాడు? దేవుడంటున్నారు కదా. లేచాక వచ్చి వాళ్ళని ఏం చేశాడు?"

"ఏమీ చెయ్యలేదు. వాళ్ళని క్షమించమని అడిగాడు. పైన ఉండగానే."

"పైన ఉండగానే?"

"ఊఁ."

"తాళ్ళు కట్టినవాణ్ణి కూడానా? లేక మేకులవాణ్ణి ఒక్కణ్ణేనా?"

ఎంత మామూలుగా అడిగాడో! ఆ మామూలుతనానికే థాలూసా కళ్ళు మండాయి. తలుపు వేసేయొచ్చు. నిజం చెప్పేశాను, ఇక పో, అనొచ్చు. అతనూ సంతోషంగానే పోతాడు, కాదనడు. కానీ ఇతను బయట ఉండి తాను లోపల ఉంటే, తాను ఇన్నాళ్ళూ చెప్పింది ఎవరి కథ? గ్రానియస్‌కి సిలువ కిందికి లాగుతుందని భయం. మరి తనకో? తనకి ఈ మనిషి పక్కన కూర్చోవాల్సి వస్తుందని. ఒకే కొయ్య, ఇద్దరినీ రెండు వైపుల నుంచి పొడిచింది, అంతే తేడా.

"థాలూసా!" వెనక నుంచి గ్రానియస్ గొంతు. పళ్ళ బిగువున. "పంపించు వాణ్ణి! కోసినియస్ పల్లకీ మలుపు తిరిగిందట. వీడు నా గుమ్మంలో కనబడితే ఇక ఈ ఊళ్ళో నాకు మొహం ఉండదు. వీడుంటే ఇవాళ నీళ్ళూ లేవు, భోజనాలూ లేవు, విడుదలా లేదు, వింటున్నావా? నీ మొగుడి మొహం చూసి పంపించు!"

ఆమె హిలారస్ మొహం చూసింది. అతను నడవ మధ్యలో నిలబడి ఉన్నాడు. అంతా విన్నాడు. చిన్నగా నవ్వాడు. పెళ్ళయిన కొత్తలో రంగు చేతులతో అతని తెల్ల బట్ట పాడుచేసినప్పుడు నవ్విన నవ్వది, పోనీలే అన్నట్టు.

థాలూసా చెయ్యి చాచింది. అది చాచడానికి ఎంత కష్టమైందో ఆమెకే తెలుసు. తారు అంటిన ఆ మణికట్టు పట్టుకుని, ముద్దుగా ఏమీ కాదు, మొండి మేకని లాగినట్టు లోపలికి లాగింది.

"నువ్వు మధ్యాహ్నం ఏమైనా తిన్నావా?" అంది. ఇంకేం మాట తోచలేదు మరి.

డామా గడప దాటాడు, అంతే, పల్లకీ వచ్చి ఆగనే ఆగింది.

కోసినియస్ దిగాడు. తెల్లటి పెద్ద బట్టలో లావుపాటి మనిషి, చేతిలో వెండి పిడి కర్ర. లోపలికి అడుగుపెడుతూనే చారల టోపీ చూశాడు. గోడ పొడుగునా బిగుసుకున్న ముప్పైమందినీ చూశాడు. పకపకా నవ్వాడు.

"ఏమయ్యా గ్రానియస్! పండగ అని పిలిచి ఇదా? అబ్బో, నువ్వింత గట్టివాడివనుకోలేదు! బానిసల్ని నెత్తికెక్కించుకున్నాడు, ఒకే పళ్ళెంలో తింటున్నాడు అని ఊరంతా నవ్వుతుంటే నేను కూడా నమ్మానయ్యా. ఇప్పుడు మాకు ధైర్యం వచ్చింది." కర్రతో డామా గుండె మీద పొడిచాడు. "పని మీదేగా వచ్చింది? లేకపోతే ఊరికే తిరుగుతున్నావా? ఊరికే అయితే చెప్పు, వీపు చీరించేస్తాను."

డామా నోరు తెరిచి థాలూసా వైపు చూశాడు. థాలూసా గ్రానియస్ వైపు చూసింది.

ఇదిగో, ఇక్కడే విచిత్రం. గ్రానియస్ నిజం చెబితే, ఇతను నా అతిథి అంటే, ఇరవై ఐదేళ్ళుగా కట్టుకున్నదంతా ఈ గుమ్మంలోనే కూలిపోతుంది. అదే నా బానిసనొకణ్ణి సిలువ వేయిస్తున్నాను అంటే? మర్యాద! కోసినియస్ భుజం తడతాడు, ఇద్దరూ వెళ్ళి గుల్లలు తింటారు. ఈ ఊళ్ళో సిగ్గుపడాల్సింది ఏమిటో, పడక్కర్లేనిది ఏమిటో ఎవరు పంచిపెట్టారో కానీ!

"పని మీదే," అన్నాడు గ్రానియస్.

అది ఆయన అనలేదు. ముప్పయ్యొక్క ఏళ్ళ భయం అంది. అన్నాక ఆయనే ఉలిక్కిపడ్డాడు, కానీ మాట బయటికి వచ్చేసింది.

నడవలో ఎవరో సన్నగా మూలిగారు.

"శభాష్!" అన్నాడు కోసినియస్. "ఎవడు మరి?" కర్ర ఎత్తి వరసగా ఒక్కొక్కరి మీదుగా తిప్పుకుంటూ పోయాడు, సంతలో గొర్రెని ఎంచినట్టు. గిన్నెలు తోమే ఆమె కళ్ళు మూసుకుంది. కర్ర ముందుకు పోయింది, కింద కూలబడ్డ పాంఫిలస్ దగ్గర ఆగింది. "ఈ ముసలాడేనా? చూస్తేనే తెలుస్తోంది, వణికి చస్తున్నాడు. ఏం కాజేశావురా?"

పాంఫిలస్ పెదాలు కదిలాయి. "నీళ్ళు," అన్నాడు. "రెండు గరిటెల నీళ్ళు కలిపానండీ..."

గ్రానియస్ చెయ్యి లేచింది. కాదు అనబోయాడో, ఏమనబోయాడో. ఆ చెయ్యి మధ్యలోనే ఆగిపోయింది.

అప్పుడు నడవ మధ్య నుంచి ఒక మనిషి ముందుకి వచ్చాడు. తలుపు దగ్గర ఆగాడు. ఎప్పటిలాగే గొంతు సవరించుకున్నాడు, చేప వడ్డించామండీ, దయచేయండీ అని చెప్పే గొంతుతోనే, అంత నిదానంగా,

"ఆయన కాదండి," అన్నాడు హిలారస్. "నేను."

థాలూసా గ్రానియస్ మొహంలోకి చూసింది. చెప్పండి! ఒక్క మాట! కాదని చెప్పండి!

గ్రానియస్ మెడ మెల్లగా కుడివైపుకి తిరిగింది.